దేవదానం అన్న గీసిన ఎర్రగీత

దశాబ్దాల తరబడి ట్రాన్స్‌ఫార్మర్ల సేవలో తరించి, నిరుడే ఉద్యోగ విరమణ చేసిన మా సెక్షన్ లైన్‌మన్ దేవదానం అన్న కర్నూలు ఆసుపత్రిలో కన్నుమూశాడన్న వార్త నా నెత్తిన పిడుగై పడింది. అబద్ధమెందుకు, దుఃఖం కంటే ముందు నాకు భయం వేసింది. వాళ్లు క్రైస్తవులు; పెట్టెలో ఉంచి, మూతకు స్క్రూలు బిగించి సాగనంపుతారు. ఇతరుల బిగింపు ఏనాడూ నచ్చని మహానుభావుడికి ఆ ఆఖరి బిగింపు ఎవరు చేస్తారు? వంకర పోతే లేచి కూర్చోడూ?

పెళ్లికి పోతే వధూవరుల కంటే ముందు షామియానా బోల్టులను పలకరించేవాడు. మంత్రాలయం బస్సెక్కితే సీటు ఊపి చూసి, కండక్టరును పానా అడిగేవాడు. తాను బిగించిన ప్రతి నట్టుకూ బోల్టుకూ కలిపి, తన భార్య, అంటే మా సుగుణమ్మ వదిన గోళ్లరంగుతో అడ్డంగా ఎర్రగీత గీసేవాడు. నట్టు వదులైతే గీత తెగి పక్కకు జరుగుతుంది. కింద నుంచే కనిపెట్టవచ్చు.

"నా గోళ్లకు రంగు లేదు గానీ, తాలూకాలో ట్రాన్స్‌ఫార్మర్లన్నీ పెండ్లికూతుర్లే" అని వదిన దెప్పేది. ఆ దెప్పును ఆయన సన్మానపత్రంలా స్వీకరించేవాడు. రిటైరయ్యాక కూడా మేము ఏ ఊరికి పోతున్నా ఫోన్ చేసి, "గీత యాడుండాదో చూసి చెప్పప్పా" అనేవాడు.

ఆయన ఉద్యోగంలో ఉండగా ఒకసారి, ఎమ్మిగనూరు దాపున ఒక పల్లెలో ట్రాన్స్‌ఫార్మర్ పైమూత సందులోంచి నూనె కారసాగింది. సరఫరా ఆపించి, మూత కింద సందు మూసే కొత్త రబ్బరు గాస్కెట్ వేసి అన్న బోల్టులు బిగించసాగాడు. ఈ మూల కొంచెం, ఎదురు మూల కొంచెం, మళ్లీ మొదటికి. ఆ మహాప్రదక్షిణ చూస్తూనే నా మీసం నెరిసింది. వేరుశనగ వాడిపోతోందని కింద పచార్లు చేస్తున్న ఆ ఊరి రైతు రెడ్డికి ఓపిక నశించింది.

"ఏం దేవదానం, ఒగొగటే గట్టిగా బిగిచ్చి దిగరాదా? పానాకు పైపు తగిలిచ్చు, నలుగురం పడతాం."

"నలుగురు పట్టేది శవాన్నప్పా, పానాను గాదు. ఒగ మూలే పిండితే ఎదురు మూల లేస్తాది. నూనెకు మనమే దోవ ఇచ్చినట్ల."

"అంతలోపల నా శెనక్కాయ మాడిపోతాది."

"మాడదులే. బిగింపంటే పట్టు, పగ గాదు."

పొద్దు వాలకముందే మోటార్లు తిరిగాయి. పంట దక్కింది. ఆ మూత మళ్లీ నూనె చుక్క రాల్చలేదు.

అంత్యక్రియల నాడు నా భయమే నిజమైంది. పెట్టె చేసిన వడ్రంగి ఒక మూల స్క్రూను ప్రాణం పెట్టి బిగించేశాడు. ఎదురు మూల లేచింది. నేను నోరు తెరిచేలోపే వదిన ముందుకు వచ్చింది.

"వదులు చెయ్యి నాయనా. ఎదురెదురుగా, కొంచెం కొంచెం. ఆయనకు అట్లయితేనే మనసు కుదురుతాది."

పాస్టరుగారు ప్రార్థన ఆపి వేచి ఉన్నారు. వడ్రంగి మూల మార్చి మూల తిరిగాడు. మూత సమంగా కూర్చుంది. వదిన కొంగుముడి విప్పి గోళ్లరంగు సీసా తీసి, ఒక్కో స్క్రూ మీదుగా చెక్క దాకా ఎర్రగీత గీసింది. ఎప్పుడు వచ్చాడో, ఆ రెడ్డి పెట్టెకు ఒక పక్క భుజం ఆనించాడు.

"నలుగురు పట్టేది దీన్నే అన్యాడు గదప్పా" అన్నాడు నాతో, గొంతు తగ్గించి.

అంతటి పట్టున్న చేయి మా సెక్షన్‌కు మళ్లీ దొరకదు. నిన్న ఆ పల్లె మీదుగా పోతూ బండి ఆపి, తలెత్తి చూశాను. ఎర్రగీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చేతులు జోడించాను. ఆ మాట చెబుదామని అలవాటుగా ఫోన్ తీసి, ఎవరికి చెప్పాలో తోచక, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందే చాలాసేపు నిలబడిపోయాను.