నాలుగు ఆప్షన్ల చేప

మానవజాతి చెప్పులు ఎప్పుడు తొడుక్కుందో పండితులు ఇంకా తేల్చలేదు గానీ, వాటిని దులిపి తొడుక్కునే సంప్రదాయం మాత్రం 1999 ఆగస్టులో, పటమటలో, అనంతకృష్ణ గారి గుమ్మం ముందు అవతరించింది. ముందు ఎడమది, మూడుసార్లు. తరవాత కుడిది, మూడుసార్లు. పాతికేళ్లు దాటినా ఒక్క తేలూ రాలిపడలేదు. పద్ధతి ఫలించిందనడానికి అదే నిదర్శనమని ఆయనా, అసలు మూడో అంతస్తుకి తేలు ఏం పనిమీద ఎక్కుతుందని ఆయన భార్య రమాసుందరీ వాదించుకుంటూనే ఉన్నారు.

అనంతకృష్ణ గారు జువాలజీ లెక్చరరు. విషమున్న ప్రతి ప్రాణి గురించీ ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. వాటిలో ఒక్కదాన్నీ ఎదురుగా చూసి ఎరగరు. అంచేత ఆయన భయాలు చాలా శాస్త్రీయమైనవి. బీపీ తగ్గాలంటే ఏదైనా ప్రశాంతమైన వ్యాపకం పెట్టుకోమని డాక్టరు చెబితే, గాలం పట్టారు. ఆదివారాలు పొద్దున్నే కారులో బందరు, అక్కణ్ణించి ఏటిపాయ సముద్రంలో కలిసే చోటికి. ఆ ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకునే బాలశౌరే ఆయనకు ఈ విద్యలో గురువు.

ఆ ఆదివారం తొమ్మిదింటికి, ఒడ్డుకు నలభై అడుగుల దూరంలో, మోకాలి కిందిదాకా నీళ్లలో నిలబడి ఉండగా గాలం బరువెక్కింది. పట్టుకున్నదేదో రాడ్డును విల్లులా వంచి, ఆయన్ని చుట్టివచ్చి, సరిగ్గా ఆయనకీ ఒడ్డుకీ మధ్య అడుక్కి చేరి, పీట వేసుక్కూర్చున్నట్టు కదలడం మానేసింది.

"బాలశౌరీ! ఏదో పడిందయ్యా! పళ్లెంలా అడుక్కి అతుక్కుపోయింది!"

"అట్టా అతుక్కుందంటే టేకుచేపైనా అయ్యుండాలండీ, నాలుకచేపైనా అయ్యుండాలి," అన్నాడు బాలశౌరి చేతిలో సూది ఆపకుండా. "టేకైతే కొరడాలాంటి తోకలో విషపు ముల్లుంటది. మొన్న కార్తీకంలో చౌడయ్య తొక్కింది ఇక్కడే గదా. మూడు నెల్లు మంచం దిగలా."

"ఆ సంగతి ఇప్పుడెందుకయ్యా!"

"మరెప్పుడు చెప్పమంటారండీ? తొక్కాకా?"

దారం తెంపేసి వెళ్లిపోవచ్చు. కానీ దారం ఉన్నంతసేపే అదెక్కడుందో తెలుస్తుంది. తెంపాక, ఈ బురదనీళ్లలో అది ఎక్కడైనా ఉండొచ్చు. ఆయన అరికాలి కింద కూడా. ఫోను కారులో ఉంది, తడుస్తుందేమోనన్న భయంతో అక్కడే పెట్టి వచ్చారు.

చివరికి పిల్లలకు నేర్పే ఉపాయాన్నే నమ్ముకున్నారు. తప్పు ఆప్షన్లు కొట్టేసుకుంటూ రావడం. ఒకటి, టేకు. రెండు, నాలుకచేప. మూడు, తాబేలు. నాలుగు, పైవేవీ కావు. తాబేలు ఇలా అడుక్కి అతుక్కోదని దాన్ని కొట్టేశారు. 'పైవేవీ కావు' అనుకోగానే దాన్ని ఇంకా తొందరగా కొట్టేశారు. మిగిలినవి రెండు. నీట్ పరీక్షలో తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఇక్కడ పాదం పోతుంది.

కిందికి చూసుకున్నారు. ఇందాక మోకాలి కిందున్న నీళ్లు మోకాలు దాటి జానెడు పైకొచ్చాయి. పోటు! నిలబడితే మునక, కదిలితే ముల్లు.

"సార్! కాలు ఎత్తి వెయ్యమాకండి. నేలకి రాసుకుంటా ఈడ్చండి. కిందున్నదానికి మీ కాలు తగిలితే అదే పక్కకి పోద్ది. పైనుంచి తొక్కితేనే దానికి కోపం."

"అంటే తగలాలా?"

"కొంచెం."

ఈడ్చారు. భయానికి కాళ్లు మణుగులెత్తు బరువయ్యాయి. ఒక్కో అడుగుకీ ఒక్కో యుగం. పన్నెండో అడుగులో బొటనవేలికి ఏదో చల్లగా, నున్నగా తగిలింది. అప్పుడు ఆయన గొంతులోంచి వెలువడిన ధ్వనికి జంతుశాస్త్రంలో ఇంకా పేరు పెట్టలేదు. నీళ్లు భళ్లున చెదిరాయి. గోధుమరంగు పలక లాంటిదేదో మూరకు పైనే పొడవున పైకి లేచింది.

తోక కొరడాలా లేదు. విసనకర్రలా ఉంది. ఒంటి చుట్టూ రెక్కల అంచు. రెండు కళ్లూ ఒకే వైపునుంచి ఆయన్నే చూస్తున్నాయి.

ఆ బొమ్మను ఆయన ఇరవై ఆరేళ్లుగా బోర్డుమీద సుద్దతో గీస్తున్నారు. పుట్టినప్పుడు అటొక కన్ను, ఇటొక కన్ను. పెరిగేకొద్దీ ఒకటి నెత్తి మీదుగా రెండోదాని పక్కకి వలస వస్తుంది. అది చెప్పినప్పుడల్లా వెనక బెంచీలు నవ్వేవి.

"నాలుకచేపేనయ్యా! రెండు కళ్లూ ఒకపక్కే ఉన్నాయి! ముల్లు లేదు!"

"ఆ సైజుదానికి పళ్లుంటాయండీ. నోట్లో వేలు పెట్టమాకండి."

రాడ్డు గుండెకి అదుముకుని, చేపతోపాటు తననీ ఒడ్డుకి లాక్కొచ్చి, బాలశౌరి వలమీదే కూలబడ్డారు.

"ఇంకో పది నిమిషాలు అక్కడే ఉంటే పోటు నన్ను ముంచేసేది బాలశౌరీ. చూస్తుండగానే మోకాలు దాటి ఎంత పైకొచ్చిందనుకున్నావు!"

బాలశౌరి నీళ్లవైపు చూశాడు. తరవాత ఆయన కాళ్లవైపు చూశాడు.

"పోటెక్కడిదండీ, నీళ్లు వెనక్కి తియ్యబట్టి అరగంటయింది. నిలబడ్డచోటే దిగబడ్డట్టున్నారు."

బురద ఆయన పిక్కల దాకా ఉంది.