ఆకాశంలో చెక్కేవాళ్ల ఉలి

మా నాయన సూళ్లూరుపేట బజారులో ఒక స్టీలు సామాన్ల కొట్టు ముందు కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు. పెళ్లికి బిందె చదివించేవాళ్లు తమ పేరు లేకుండా ఇస్తారా? బిందె కంటే దాని మీది పేరే పెద్దగా ఉండాలనే మహానుభావులనూ చూశాను. కరెంటు మిషన్లు వచ్చినా నాయన తన సన్న ఉలినీ సుత్తినీ వదల్లేదు.

పోయినేడు ఆయన చెక్కిన ఒక పేరులో అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. ఒక్కడే వెళ్లి చూపించుకొచ్చి, కళ్ల డాక్టరు సన్నపని మానేయమన్నాడని మాత్రం చెప్పాడు. నేనూ అదే మాట గట్టిగా చెప్పి, ఉలి తీసి బీరువాలో పెట్టాను. ఆ తర్వాత నాతో మాట్లాడేటప్పుడు నాయన నా మొహం చూడటం మానేశాడు. చూపు నా చెవి దగ్గరెక్కడో ఆగేది. కోపమనుకున్నాను. కన్నకూతురి మీద ఇంత పంతమా అని ఒళ్లు మండేది. ఏడుపూ వచ్చేది.

బళ్లో సైన్సు చెబుతాను. పాఠం కోసం చదువుతుంటే, దక్షిణాకాశంలో ఒక మసక నక్షత్రమండలానికి ఉలి అని పేరున్నట్టు తెలిసింది. రెండున్నర శతాబ్దాల కిందట ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఆఫ్రికా దక్షిణపు కొస నుంచి ఆకాశానికి పటం గీస్తూ, దేవుళ్లనూ వీరులనూ పక్కనపెట్టి పనిముట్ల పేర్లు పెట్టాడట. ఇది లోహం మీద చెక్కేవాళ్ల ఉలి. నాయనకు చూపించి రాజీ పడదామనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు, పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక, స్కూటీ మీద పులికాట్ సరస్సు గట్టుకు తీసుకెళ్లాను. అగస్త్య నక్షత్రం మెరుస్తోంది. దానికి కుడిపక్కన, కాస్త పైన ఉలి ఉండాలి. ఎంత కళ్లు చించుకున్నా నాకేమీ కనబడలేదు.

“కనపడతా ఉండాయే,” అన్నాడు నాయన. “రెండు చుక్కలు, సన్నంగా.”

“యాడ నాయనా?”

“నేరుగా చూడబాకమ్మా. కొంచెం పక్కకు చూడు. నా కంటికి నడిమధ్యంతా మసకే. పక్కకు చూస్తేనే ఏదైనా ఆనతాది.”

పక్కకు చూశాను. నిజమే, రెండు చుక్కలు మెల్లగా తేలాయి.

“ఈ మాట నాకెందుకు చెప్పలా?”

“ఉలి తీసుకున్నావు. ఇది కూడా చెప్తే బయటికే పోనీవని.”

రోడ్డు మీద పోతున్న లారీ లైటు మా మీద పడింది. నాయన నావైపు తిరిగాడు. ఏడుపు చప్పుడు కూడా నేను బయటికి రానీయలేదు.

“ఏడస్తా ఉండావేందమ్మా?” అన్నాడు, నా చెవి వైపే చూస్తూ.