నడిమింటి ఆదాయం

మనిషి ఆదాయం తెలుసుకోవాలంటే ఆ మనిషినే అడిగితే సరిపోతుందని నమ్మి, ఆ నమ్మకం మీదే జీతం తీసుకున్న అమాయకుణ్ణి నేను. నాకు లెక్కలు వచ్చేవి. మనుషుల లెక్కే అందేది కాదు. మొన్న నరసరావుపేటలో మా గుమ్మం ముందు ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి, "అంకుల్, సర్వే. ఇంటి మొత్తం ఆదాయం ఎంత?" అనగానే ఆ పాత అమాయకుడే ఎదురుగా వచ్చి నిలబడ్డట్టయింది. ముందు మంచినీళ్ళు ఇప్పించాను. నా సర్వే రోజుల్లో అడగ్గానే దొరికినవి అవి మాత్రమే.

అప్పట్లో నాది టెంపరరీ ఉద్యోగం. ఈపూరు వైపు ఒక పల్లెకు ఏటా వెళ్ళి అవే ఇళ్ళ ఆదాయాలు రాసుకోవాలి. తక్కువున్న ఇంటి నుంచి ఎక్కువున్న ఇంటి దాకా వరసగా పేర్చి, సరిగ్గా నడిమికి వచ్చిన ఇల్లు ఏదో చూడాలి. ఆ ఇంటి ఆదాయం ఏటికేడు ఎటు నడుస్తోందో చూస్తే ఊరి బతుకు తెలుస్తుందనేవారు. ఒక ఆసామి మేడ మీద మేడ కట్టినా ఈ లెక్క చలించదు. అది నాకు భలే నచ్చింది. నా చదువంతా నడిమి బెంచీలోనే సాగింది మరి.

మొదటి ఏడు మాఘమాసంలో వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొలమెంత, పాడెంత, పిల్లలెందరు అని ఇంటింటా అడిగాను. అందరూ కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు, మిర్చికి నేను కనీవినీ ఎరగని దిగుబడి చెప్పారు. పొంగిపోతూ రాసుకున్నాను. మరుసటేడు వానాకాలంలో వెళితే కుర్చీ లేదు, కాఫీ లేదు. "ఏం పంటలయ్యా, అంతా తెగులే" అన్నారు. కళ్ళ ముందు నెమరేస్తున్న గేదెను కూడా "మాది కాదు" అన్నారు. అదీ రాసుకున్నాను.

మా ఆఫీసరు రెండేళ్ళ కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఏమయ్యా, ఏడాదిలో ఊరు ఊరంతా దివాలా తీసిందా? సరైన లెక్క తే. లేకపోతే నీ లెక్క తేలుస్తా" అన్నారు. ఉద్యోగం పోతే ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. విచిత్రంగా, రెండేళ్ళూ నడిమికి వచ్చిన ఇల్లు మాత్రం ఒకటే. నేరుగా అక్కడికే వెళ్ళి ఇంటాయనతో మొరపెట్టుకున్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "పోయినేడు పెళ్ళిళ్ళ రోజుల్లో వస్తివి. సంబంధాలు ఆరా తీసే మనిషివనుకున్నాం. పిల్లలున్నోళ్ళం, తక్కువ చెప్పుకుంటామా? ఈయేడు రేషన్ కార్డులు పీకేయడానికొచ్చావన్నారు. ఎక్కువ చెప్పుకుంటామా?"

"మరి నిజం ఎప్పుడు చెబుతారండీ?"

"ఎవురూ అడగనప్పుడు."

తలుపు చాటు నుంచి ఒక ఆడపిల్ల నవ్వు వినబడింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నన్ను ఇంటింటికీ తిప్పాడు. "మన పిల్లోడే. చానా మంచోడు, తెలివే కాస్త తక్కువ. ఉద్యోగం పోద్దంట. ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఏందయ్యా, ముందే చెప్పొద్దూ!" అని ఒక ముసలమ్మ నన్నే కసిరింది. "సంబంధం తెస్తావని పోయినేడు చిక్కటి పాలతో కాఫీ పోస్తిని గదరా!" అయినా గేదెలు తిరిగి కొట్టాల్లోకి వచ్చాయి, మిర్చి నేల మీదికి దిగింది. ఊరు ఊరంతా నిజం చెప్పి నా ఉద్యోగం నిలబెట్టింది. మరుసటి మాఘంలో ఆ నడిమింటికి నిజంగానే సంబంధం వెళ్ళింది. పెళ్ళికొడుకును నేనే.

పెళ్ళయ్యాక మా ఆవిడ చెప్పింది: అందరి చేతా నిజం చెప్పించిన వాళ్ళ నాన్న, తన రాతి చేనును పలకరాళ్ళ క్వారీకి ఇచ్చి తీసుకునే కౌలు మాత్రం దాచాడట. పాలివాళ్ళు వాటాకొస్తారని ఏ ఏడూ, ఎవరికీ పొక్కనీయలేదు. అది కలిపితే ఆ ఇల్లు వరసలో పైకి పోయేది. నేను ఇంకెవరి గుమ్మమో ఎక్కేవాణ్ణి. అందుకే నోరు మూసుకున్నాను. ఆయన మాత్రం పండగకూ పబ్బానికీ చుట్టాల మధ్య, "మా అల్లుడికి ఎదురుగా ఉన్న గేదె కూడా కంటికి ఆనదు" అంటూనే వచ్చాడు.

ఏడాదిగా మా దగ్గరే ఉంటున్న ఆ మామగారు మొన్న పడక్కుర్చీలోంచి, "అల్లుడూ, తక్కువ చెప్పు" అని గుసగుసలాడారు. నేను నా పింఛను చెప్పి, గొంతు సవరించుకున్నాను. "ఇది కూడా రాసుకో తల్లీ. మా మామగారికి క్వారీ కౌలు వస్తుంది."

"కొంప ముంచావు గదయ్యా!" అని ఆయన లేచి కూర్చున్నారు. వంటింట్లోంచి ఆనాటి తలుపు చాటు నవ్వే మళ్ళీ వినబడింది. ఆ తప్పు లెక్కను ఇన్నాళ్ళకు దిద్దేశాను. అయినా అది నాకిచ్చిన ఆ మామగారినీ, ఆ నవ్వునూ ఎవరూ నా దగ్గర్నుంచి వెనక్కి అడగలేదు.