పిక్కల మాస్టారు

ఇంటికి ఎవరొచ్చినా డ్రిల్లు మాస్టారు ముందు మొహం చూడరు, పిక్క చూస్తారు. రిటైరైన రోజున ఈల బడికి అప్పగించేశారు గానీ, అజమాయిషీ మాత్రం వెంట తెచ్చుకున్నారు. జేబులో ఎప్పుడూ దర్జీ టేపు. గుమ్మంలో మనిషి కనబడితే చాలు, వంగి పిక్క చుట్టూ బిగించేస్తారు. వయసు మళ్ళినవాళ్ళకైతే ఆ పైన కుర్చీ పరీక్ష: చేతులు కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేవాలి.

పాలవాడు గిన్నెలో పాలు పోసి పరుగెత్తడం నేర్చుకున్నాడు. పక్కింటి ప్లీడరుగారికి ఆ తెలివి లేకపోయింది. "నా బరువు పెళ్ళినాటి నుంచీ ఒకటే మాస్టారూ!" అని గొప్పలు పోయి ఇరుక్కున్నారు.

"బరువు అదే, సరుకే మారింది. కాళ్ళలో కండ ఖాళీ చేసి వెళ్ళిపోయింది, పొట్టలో కొవ్వు అద్దెకు దిగింది. తూకం మిషనుకు ఆ తేడా ఏం తెలుస్తుంది? ఏదీ, లేవండి."

ప్లీడరుగారు లేచారు, కుర్చీతో సహా.

ఇదంతా చూసి కోడలు నవ్వుకునేది. కానీ ఓ రోజు ఆమె ఆఫీసరుగారు ఇంటికొచ్చి ఇలా కూర్చున్నారో లేదో, ఆయన ప్యాంటు మోకాలిదాకా పైకి వెళ్ళింది. కోడలికి తల కొట్టేసినట్టయింది. ఆయనటు వెళ్ళగానే మామగారి ముందు చెయ్యి చాపింది.

"ఆ టేపు ఇలా ఇచ్చెయ్యండి మామయ్యగారూ. రేపు ఆఫీసులో మొహం ఎలా చూపించను?"

మాస్టారు వంటింటివైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించారు.

"ఇస్తాలే తల్లీ. మీ అత్తయ్య ఈమధ్య బల్ల పట్టుకోకుండా కుర్చీలోంచి లేవగా చూశావా?"

కోడలు ఆలోచించింది. చూసిన గుర్తు లేదు.

"రేపు కాలు తూలి పడితే తుంటి విరుగుతుంది. డాక్టరు దగ్గరికి పదమంటే 'నాకేం, దుక్కలా ఉన్నా' అంటుంది. నీ కాళ్ళలో సత్తువ తగ్గిందే అన్నానో, వారం రోజులు మాటల్లేవు. అందుకే వచ్చినవాళ్ళందర్నీ కొలుస్తున్నాను. అందరితోపాటైతే తనూ కాలు చాపుతుంది. అందరూ లేస్తుంటే తనూ లేస్తుంది."

కోడలికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. మామగారంటే ఎక్కడలేని అభిమానమూ పుట్టుకొచ్చింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీ ఆఫీసులో ఇంకెవరైనా ఉంటే తీసుకురామ్మా" అన్నారు మాస్టారు, టేపు చుట్టుకుంటూ.

అది మొదలు వరండాలో రోజూ సాయంత్రం రెండు కుర్చీలు, ఇద్దరు విద్యార్థులు. "లే! కూర్చో!" అని మాస్టారు తనకూ, భార్యకూ కలిపి కేకలు పెట్టేవారు. కొన్నాళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం లోపల ఫోను మోగితే అత్తగారు బల్ల జోలికి పోకుండా చటుక్కున లేచి వెళ్ళి అందుకున్నారు. కోడలికి గుండెల మీది బరువు దిగినట్టయింది.

"రోజూ ఈ డ్రిల్లు కష్టంగా లేదా అత్తయ్యా?" అని మురిపెంగా అడిగింది.

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయారు.

"మెల్లగా! నాకెందుకే ఆ తిప్పలు? మీ మామయ్య మెట్లెక్కుతూ గోడ పట్టుకుంటున్నారు, చూడలేదూ? ఆ మాట అంటే చిన్నబుచ్చుకుంటారు. ఒక్కరే అయితే చెయ్యరు. నేను సరదా పడ్డట్టు లేస్తుంటే, ఆ ఉత్సాహంలో ఆయనా లేస్తారని నా పాట్లు. ఆయన దగ్గర నోరు జారకు సుమా!"

వరండాలోంచి "రెడీ!" అని కేక వినిపించింది.

"వస్తున్నానండీ!" అంటూ అత్తగారు చకచకా నడిచారు. కోడలు నవ్వు బిగబట్టుకుని, తనూ ఒక కుర్చీ ఎత్తుకుని వెనకాలే వెళ్ళింది.