నీలం తాగిన నూకలు

భాష తిన్నగా ఉన్నవాడి బుర్ర కూడా తిన్నగానే ఉంటుందని రెండేళ్లు నమ్మిన తెలివితక్కువవాణ్ని నేను. 2009లో నన్ను మహబూబాబాద్‌లో, అంటే మా మానుకోటలో, ఒక పరిశోధన ప్రాజెక్టు ఉపకేంద్రానికి ఇన్‌చార్జిగా వేశారు. పై అధికారి హైదరాబాదులో ఉండే ప్రధాన పరిశోధకుడు. ఆయన తెలుగు పాఠ్యపుస్తకంలా ఉండేది. అందులో నేనొక అచ్చుతప్పును.

మా పని చెబితే నవ్వొస్తుంది. కోడిగుడ్డు తెల్లసొనలోని ఒక ప్రొటీన్‌ను ఉప్పునీటి చుక్కలో కలిపి, గాజుబిళ్ల కింద వేలాడదీసి, మూతపెట్టి, కదపకుండా ఉంచాలి. చుక్కలో నీరు మెల్లగా తగ్గుతుంటే ప్రొటీన్ అణువులు వరుసకట్టి స్ఫటికమవుతాయి. చూడ్డానికి రాయి, లోపల సగం సందులూ నీళ్లే. ఒక రసాయనంతో దాని అల్లిక బిగిస్తే ఇక నీటిలో కరగదు, ఆ సందుల్లో రంగునో లోహాన్నో దాచుకుంటుంది. భూపాలపల్లి బొగ్గుగనుల నీటిలోని లోహాలను దానిచేత పట్టించాలని మా ఆశ.

నా స్ఫటికాలు భూతద్దంలో చూసినా నూకల్లాగే ఉండేవి. సారు వాటిని నూకలనే పిలిచేవాడు. సదస్సులకు పోయేది ఆయనే. "మీ గిట్లా గట్లాలతో సైన్సు చెబితే ఎవరు వింటారండీ? మీరు పెంచండి, నేను మాట్లాడతాను" అన్నాడు. అందుకు నేను థాంక్స్ కూడా చెప్పాను.

2011లో, ఉద్యమం ఊపు మీదున్నప్పుడు, సమీక్షా సంఘం భూపాలపల్లి అతిథిగృహంలో కూర్చుంది. మానుకోట కేంద్రాన్ని ఉంచాలా, ఎత్తేసి సిటీలో కలపాలా అన్నది ఆ రోజే తేలాలి. కలపాలని సారు ముందే చెప్పి ఉంచాడు. కలిపితే నాతోపాటు మరో ముగ్గురి కొలువులు పోతాయి.

బస్సులు బంద్. ట్రే ఒళ్లో పెట్టుకుని జీపులో గూడూరు మీదుగా బయల్దేరాను. గుంతల దగ్గర జర మెల్లగా పోనియ్యమని డ్రైవర్ సోమన్నను బతిమాలితే, లోపల ఏముందని అడిగాడు. చెప్పాను.

"గుడ్లతోని గింత పరేషానెందుకు సారూ, అట్టు పోసుకుంటే అయిపోవు గద" అన్నాడు. ఆ ప్రాజెక్టు మీద నేను విన్న నిజాయితీ గల సమీక్ష అదొక్కటే.

సారు కారును జనగామ దగ్గర రాస్తారోకో వాళ్లు ఆపారట. ఒక్క అక్షరం పొల్లుపోకుండా జై తెలంగాణ అని బయటపడ్డాడట. అక్కడ కూడా ఉచ్చారణకు లోటు రాలేదు.

సిటీలో తానే పెంచిన స్ఫటికాల ట్రే ఒకటి ఆయన వెంట తెచ్చాడు. భూతద్దంలో చూస్తే చదరంగా, తళతళలాడుతూ, పటికబెల్లం ముక్కల్లా ఉన్నాయి. నాకు అనుమానం వచ్చింది. ఈ వృత్తిలో ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పు ఒకటుంది. ప్రొటీన్‌కంటే ముందే చుక్కలోని ఉప్పు గడ్డకట్టి మెరుస్తుంది. ఆ మెరుపు చూసి మురిసిపోతాం. సూదితో నొక్కితే బయటపడుతుంది. ప్రొటీన్ సులువుగా చిట్లుతుంది, ఉప్పు మొండికేస్తుంది. ఒకసారి నొక్కి చూద్దామన్నాను. మాట్లాడేది తానేనని, నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలని సారు గుర్తుచేశాడు.

సంఘం అధ్యక్షురాలు రెండు ట్రేలలోనూ నీలిరంగు నీళ్లు వేయించింది. అల్లిక బిగించిన నా నూకలు నీలాన్ని మెల్లగా తాగి, లోపలిదాకా నీలమయ్యాయి. సారు వజ్రాలు ముందు మూలలు అరిగి, తర్వాత నడుములు సన్నబడి, చివరికి అసలే లేకుండా పోయాయి.

"ఏమైందో మీరు చెప్పండి" అని సారు నావైపు తిరిగాడు. రెండేళ్లలో నన్ను మాట్లాడమన్నది అదే మొదలు. ముందటి ఆజ్ఞ మీరడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఆఖరికి అధ్యక్షురాలే అడిగితే లేచాను.

"గది ఉప్పు, మేడం."

నా భాషలో తప్పు ఎవరూ పట్టలేదు.

మానుకోట కేంద్రం మానుకోటలోనే ఉంది. నేను నేర్చుకున్నది ఇంతే: మెరిసేదాన్ని మెచ్చుకునే ముందు దానిమీద నీళ్లు పోసి చూడాలి.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు సారు. మాట్లాడొద్దన్నాడు కదా, మాట్లాడలేదు. ఆయన ట్రేను ఆయన విస్తరి పక్కకు జరిపాను.