మంగళవారం ప్రయాణానికి సోమవారం పరస్థానం

తొంభైల చివర్లో మా ఆయనకు ఇథియోపియాలో ఉద్యోగం వచ్చింది. ఆయన మదనపల్లెలో లెక్కల లెక్చరర్. అక్కడి కాలేజీలో రెండేళ్లు పాఠాలు చెప్పాలి. ఆ రోజుల్లో మా వైపు నుంచి పంతుళ్లు అలా పోతూనే ఉండేవారు కాబట్టి ఎవరూ నోరెళ్లబెట్టలేదు గానీ, సలహాలు మాత్రం కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఆఫ్రికా అంటే ఎండలకు మాడిపోవడమేనని వీధి వీధంతా తీర్మానించేసింది. ఒకాయన గొడుగు కొనమన్నాడు. పక్కింటావిడ సబ్జా గింజలు పొట్లం కట్టి ఇచ్చింది. ఈయన వెళ్లి నూలు బనియన్లు కొనుక్కొచ్చారు. నేను అట్లాసు తీసి చూశాను. ఆ కాలేజీ ఉన్న ఊరు మా హార్స్లీ హిల్స్ కంటే రెట్టింపు ఎత్తులో ఉంది. స్వెట్టర్లు కొనాలి అన్నాను. ఆయన నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

అంతకంటే మండించిన సంగతి ఇంకొకటి ఉంది. అక్కడి కాలేజీవాళ్లు భార్యకు కూడా టికెట్ ఇస్తారు. కాగితాలన్నీ ఇద్దరి పేర్లమీదే పోయాయి, వీసాలు ఇద్దరికీ వచ్చాయి. తీరా అన్నీ అయ్యాక, ముందు ఆయన ఒక్కరే పోయి చూడాలని, ఏడాది తర్వాత నన్ను పిలిపించుకోవాలని పెద్దలు నిర్ణయించారు. అందాకా నేను కుప్పంలో మా అన్న ఇంట్లో ఉండాలి. మా అన్న అయితే గదికి సున్నం కూడా వేయించాడు. పుంగనూరులో ఉండే మా అత్త, మా అన్న, ఈయన కూర్చుని మాట్లాడుకున్నారు. కాఫీలు అందించింది నేనే. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఊరు కాని ఊరు, ఆడమనిషి ఏం తిని బతుకుతుంది అన్నారు. ఆయన తినేది నేను తినలేనా? మాకింకా పిల్లలు లేరు, ఇంటి దగ్గర నన్ను కట్టేసే పనీ లేదు. నాకు పోవాలని ఉండింది. ఆయనతో కలిసి పోవాలని ఉండింది. ఒకసారి చెప్పాను, ఎవరి చెవికీ ఎక్కలేదు. రెండోసారి చెప్పడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది.

నా టికెట్ వద్దని బెంగళూరులో విమానం టికెట్ల ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పే పని ఈయనది. రోజూ సాయంత్రం ఎస్టీడీ బూత్‌కని బయల్దేరేవారు. ఒకరోజు లైను దొరకలేదనేవారు, ఒకరోజు జనం ఎక్కువగా ఉన్నారనేవారు, ఇంకోరోజు అక్కడ ఎవరూ ఎత్తలేదనేవారు. ఈ మనిషికి ఏ పనీ ఒకపట్టాన తెమలదు కదా అనుకున్నాను. నేనైతే గుర్తు చేయదలచుకోలేదు.

ప్రయాణం మంగళవారం పడింది. ముందుగా పుంగనూరు వెళ్లి, అత్త దగ్గర రెండు రోజులు ఉండి, అక్కడినుంచే బెంగళూరు బస్సెక్కాలి. మంగళవారం కొడుకు గడప దాటడమా అని అత్త పంచాంగం చూపించుకొచ్చి, సోమవారం తెల్లవారే పరస్థానం పెట్టాలని తేల్చింది. అంటే మంచి గడియలో మన సామాను ఎదురింట్లోనో పక్కింట్లోనో పెట్టి వస్తాం. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఇక మర్నాడు మనిషి ఎప్పుడు కదిలినా దోషం ఉండదు. కొందరు తుండుగుడ్డలో గుప్పెడు బియ్యం మూటగట్టి పెట్టి సరిపెట్టుకుంటారు. మా అత్తకు అది చాలదు, పెద్ద పెట్టే పోవాలి. పోయిన పెట్టె మళ్లీ ఇంట్లోకి రాకూడదు, బయల్దేరేదాకా దాన్ని తెరవనూ కూడదు. మరిచిపోయింది మరిచిపోయినట్టే అని ముందే హెచ్చరించింది.

పుంగనూరులో ఆ పెట్టె సర్దింది నేను. అడుగున రాగిపిండి, చింతపండు, కారం. దానిమీద ఆయన బట్టలు. నూలు బనియన్లు సగం తీసేసి, ఆ చోట్లో నా చీరలు నాలుగు, నా స్వెట్టరు పెట్టాను. ఈయన పెట్టె ఎత్తుకుని వెళ్లి ఎదురింటి వరండాలో పెట్టి వచ్చారు. అత్త కర్పూరం వెలిగించింది.

ఇడ్లీలు తింటుండగా చెప్పాను, నా బట్టలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయని. ఈయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తీసుకొస్తానని లేచారు. అత్త గడపకు అడ్డంగా నిలబడింది.

"పోయిన పెట్టెను తెరుస్తావా? కూసో."

తర్వాత నా వైపు తిరిగింది. "ముందే చెప్పుండొచ్చు గదమ్మా."

"చెప్తే వద్దంటారు గదత్తా," అన్నాను.

ఆమె పెట్టిన నియమమే ఆమెను కట్టేసింది. కొడుకు వైపు తిరిగి అడిగింది. "అవునప్పా, ఈ పిల్ల టికెట్ వద్దని చెప్పేసినావు గదా. ఇప్పుడెట్ల?"

ఈయన తల ఎత్తలేదు.

"చెప్పలేదుమా. బూత్ దాకా పోతాంటి, వస్తాంటి. చెప్పబుద్ధి కాలేదు."

అత్త లోపలికి వెళ్లి నాకు ఇంకో రెండు ఇడ్లీలు పెట్టింది. అన్ని సాయంత్రాలు నేను ఇంట్లో పళ్లు కొరుక్కుంటూ, ఆయన ఆ బూత్ ముందు నిలబడి వెనక్కి వస్తూ గడిపాం. నన్ను రమ్మని ఒక్క మాట అనడానికి ఆయనకు ఏం అడ్డొచ్చిందని విమానం ఎక్కేదాకా అడుగుతూనే ఉన్నాను.