పటంలోని పెద్దాయన పుట్టినరోజు

"అవ్వా, నువ్వు పుట్టిన రోజే ఎంతమంది గొప్పోళ్లు పుట్టిండ్రో సూడు" అంటూ నా ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని మనవరాలు ఫోన్లో పేర్లు చదువుతోంది. మొదటి పేరు వినగానే దేవరుప్పుల దగ్గర మా ఊరి బడి గోడ మీది ఆ పెద్దాయన పటం కళ్లముందుకొచ్చింది.

బడిలో చేర్పించిన రోజు సారు పుట్టిన తేదీ అడిగితే బాపు, "కందులు కోసే యాళ్ల పుట్టింది సారూ" అన్నాడు. సారు పటం వంక చూసి, ఆ పెద్దాయన పుట్టినరోజే నాకూ రాశాడు. ఆ రోజు పుట్టినవాళ్లంతా పటమెక్కుతారనుకున్నాను. ఏటా ఆ రోజు బడిలో పంచే బెల్లం నా పేరు మీదే అనుకుని, సగం తిని సగం దాచుకునేదాన్ని.

మూడో తరగతిలో బాపు బడి మాన్పించాడు.

"ఆయన పుట్టిన రోజే పుట్టిన బాపూ, నన్ను సదువుకోనియ్యి" అని ఏడ్చాను.

"నీ ఒక్కదానికే రాసిండా? మీ తరగతి పిల్లలందరికీ గదే తారీఖు ఏసిండు. పో, బర్లను ఇడువు."

నేను పుట్టిన అసలు రోజు అమ్మకు తెలిసే ఉంటుంది. అడగాలని నాకు తోచేసరికి ఆమె లేదు.

మనవరాలు ఇంకా చదువుతూనే ఉంది.

"ఇగ బంద్ జెయ్యి" అన్నాను. "చార్జింగ్ దండుగ."